మజ్జిగ అడిగే మేనత్త

మా మేనత్త పోయిందని కడప నుంచి ఫోను వచ్చినప్పుడు మా అమ్మ చేసిన మొదటి పని, లేచి వెళ్ళి బీరువా తాళం లాగి చూసుకోవడం. తాళం గట్టిగానే ఉంది. మళ్ళీ వచ్చి మంచం మీద కూర్చుని, తానేం చేసిందో అప్పుడే తెలిసినట్టు నా వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముప్పై ఏళ్ళ అలవాటు మరి. అత్త పేరు వినబడితే అమ్మ చేయి ముందు తాళం మీదికి పోయేది. మనసు ఆమె మీదికి పోవడం ఆ తర్వాతే.

అత్త పేరు ఇక్కడ రాయను. తమ ఇంట్లోని వస్తువులు ఏమైపోయాయో ఇప్పటికీ తెలియని బంధువులు నంద్యాలలో ఒకరు, ప్రొద్దుటూరులో ఇద్దరు ఉన్నారు. వాళ్ళు చదివితే నాకే ఇబ్బంది. అందులో రెండు వస్తువులు నా దగ్గరే ఉన్నాయి.

కడపలో పోస్టాఫీసులో ఉద్యోగం చేసింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేది. నాకు మాత్రం, పెళ్ళిచూపులకు వచ్చినవాడు ఉత్తరం మీద స్టాంపు తలకిందులుగా అంటించాడని చెప్పింది. మగవాళ్ళు పెట్టుకునే పెద్ద వాచీ ఎడమచేతికి, భుజానికి పచ్చరంగు వైరుబుట్ట. అబద్ధం చెప్పేటప్పుడు ఎడమ కనుబొమ గోక్కునేది. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆమెకు తప్ప.

ఆమెకు ఇద్దరు మేనకోడళ్ళం. ఆమె అన్న కూతురిని నేను. తమ్ముడి కూతురు హారిక నాకన్నా పది నెలలు చిన్నది. మా పుట్టినరోజులు ఆమెకు పండుగల కంటే ఎక్కువ. సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కి కర్నూలు వచ్చేది. పుట్టినరోజు పిల్లను ఎక్కడికైనా తీసుకుపోయేది. సాయంత్రం దాకా ఆ పిల్ల ఏం తింటానంటే అది పెట్టించి, చివర్లో ఒక కానుక చేతిలో పెట్టేది. ఆ కానుక ఎప్పుడూ అంగట్లో కొన్నది కాదు. మా కుటుంబానిదే, పాతది. అది అప్పటిదాకా వేరేవాళ్ళ ఇంట్లో ఉండేది. తమ ఇంట్లో నుంచి పోయిందని వాళ్ళకు ఇంకా తెలిసుండేది కాదు.

ఎలా తీసేదో నేను కళ్ళారా చూశాను. ఎవరింటికి పోయినా మంచినీళ్ళు అడగదు. నీళ్ళయితే బిందెలోంచి ముంచి వెంటనే తెచ్చి ఇస్తారు. మజ్జిగ అడిగేది. పెరుగు తీయాలి, చిలకాలి, ఉప్పు వేయాలి, ఈ ఎండకు ఉత్త మజ్జిగ ఏం తాగుతుందిలే అని కరివేపాకు కూడా తుంపి వేస్తారు. ఇంటావిడ గ్లాసుతో బయటికి వచ్చేసరికి అత్త కూర్చున్నచోటే కూర్చుని కొంగుతో విసురుకుంటూ ఉండేది. వైరుబుట్ట మాత్రం కొంచెం బరువెక్కి ఉండేది.

నా పదో పుట్టినరోజుకు ఉగ్గాని బజ్జీ తినిపించి కొండారెడ్డి బురుజు ఎక్కించింది. పైన కూర్చోబెట్టి బొటనవేలంత ఇత్తడి గిన్నె ఒకటి ఇచ్చింది. మా అవ్వ, అంటే నాన్నవాళ్ళ అమ్మ, చిన్నప్పుడు ఆడుకున్న బొమ్మగిన్నె అది. నాన్నకు వరసకు వదినయ్యే నంద్యాల పెద్దమ్మ షోకేసులో అద్దం వెనక ఉండేది. పెద్దమ్మ దాన్ని ఒక్కసారైనా బయటికి తీయగా నేను చూడలేదు. మూడు నెలల తర్వాత పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. నేను ఆ గిన్నెలో పంచదార పోసుకుని నాకుతుంటే చూసి, అచ్చం ఇట్లాంటిదే మా ఇంట్లో కూడా ఉందని మురిసిపోయింది. అత్త పక్కనే ఉంది. ఆ కాలంలో అందరిండ్లల్లోనూ ఉండేటివి లెమ్మని కనుబొమ గోక్కుంది.

మా తమ్ముడు ఒకసారి ఉండబట్టలేక, మగపిల్లలకు ఎందుకు ఇవ్వవు అని అడిగాడు.

"నీకు ఇల్లే ఇస్తార్రా," అంది అత్త. "గిన్నెకు కూడా వస్తావా?"

పదమూడో పుట్టినరోజు కానుక నా జీవితాన్ని బాగుచేసింది. అప్పుడు నేను లెక్కల్లో బొత్తిగా వెనకబడి ఉన్నాను. ప్రతి పరీక్ష తర్వాతా నాన్న అంగడి మూసి వచ్చి, తానూ చదువుకున్నానని, తన కాలంలో లెక్కలంటే మంచినీళ్ళని గంటసేపు చెప్పేవాడు. ఆ ఏడు అత్త నన్ను ఓర్వకల్లు రాళ్ళ మధ్య తిప్పి, ఒక రాతి నీడన కూర్చోబెట్టి, మడతలు విరిగిపోతున్న అట్టముక్క చేతిలో పెట్టింది. నాన్న తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు. లెక్కల్లో పదిహేడు. దాని కింద తండ్రి సంతకం ఉండవలసిన చోట నాన్న చేతిరాతే ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చి నేను దాన్ని అన్నం తినే చోట, నాన్న పీటకు ఎదురుగా గోడకు ఆనించి పెట్టాను. నాన్న అన్నం కలుపుతూ తలెత్తి చూశాడు. చాలాసేపు కలుపుతూనే ఉన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో లెక్కల మాట రాలేదు.

దొంగతనం కదత్తా అని ఒకసారి అడిగితే ఆమెకు నిజంగానే బాధ కలిగింది. ఆఫీసులో ముప్పై ఏళ్ళు అదే పని చేసిందట. అడ్రసు తప్పిపోయి వచ్చిన ఉత్తరాలను చూసి, ఎవరికి చేరాలో కనుక్కుని పంపించేది. వస్తువులు కూడా అంతేనని చెప్పింది. అవ్వ ఆడుకున్న గిన్నె ఆడుకునే పిల్ల దగ్గర ఉండాలి కానీ షోకేసులో ఉంటే అది అడ్రసు తప్పినట్టే. మరి అడిగి తీసుకోవచ్చు కదా అన్నాను. అడిగితే ఇచ్చేటోళ్ళయితే నేనెందుకింత కష్టపడల్ల అంది.

ఆ కష్టం ఒకసారి మామీదే పడింది.

అప్పట్లో నాన్న, చిన్నాన్న పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్ళు. మధ్యలో ఒకే పెరడు. నాన్నది కిరాణా అంగడి, చిన్నాన్నది కరెంటు సామాన్ల అంగడి. నాకు పద్నాలుగేళ్ళప్పుడు అవ్వ పోయింది. ఆమె చెవులకు పుట్టినప్పటి నుంచీ ఉన్నాయేమో అనిపించేటట్టు ఎర్రరాళ్ళ కమ్మలు ఉండేవి. వాటిని తీసి ఒక రేకుడబ్బాలో వేసి దేవుడి గూట్లో పెట్టారు. మర్నాడు పొద్దున డబ్బా ఉంది, కమ్మలు లేవు.

మొదటిరోజు అందరూ వెతికారు. పరుపులు దులిపారు, బియ్యం డబ్బాలు ఒంపారు. సొంత తల్లి పోయిన మర్నాడే అత్త ఆ పని చేస్తుందని ఎవరికీ తట్టలేదు. రెండోరోజు చిన్నమ్మ ఆ గూటి దగ్గరికి రెండుసార్లు పోయిందని నాన్న అన్నాడు. దీపం పెట్టే వంకతో రోజూ గూడు తెరిచేది వదినే కదా అని చిన్నాన్న అన్నాడు. నాన్న చిన్నమ్మను పేరుపెట్టి అనలేదు, చిన్నాన్న అమ్మను పేరుపెట్టి అనలేదు, కానీ ఇద్దరు ఆడవాళ్ళూ ఆ రోజు అన్నం తినలేదు. మూడోరోజుకు మాట గోడ దాకా వచ్చింది. కర్మకాండ కాగానే పెరటి మధ్యలో ఇటుకగోడ లేచింది. అన్నదమ్ములకు మాటలు పోయాయి. ఒకే వీధి, ఒకే బజారు. ఎదురుపడితే ఒకడు అంగడి బోర్డులు చదువుతూ పోయేవాడు, ఇంకొకడు ఫోను తీసి చెవికి పెట్టుకునేవాడు.

అట్లా ఏడేళ్ళు. అత్త వచ్చినప్పుడల్లా పగలు ఒకింట్లో, సాయంత్రం ఇంకొకింట్లో తినేది. మా పుట్టినరోజులకు వచ్చేది, కానీ కానుకలు మారిపోయాయి. నాకు పెన్ను, హారికకు చేతిరుమాళ్ళు, ఒకసారి ఇద్దరికీ ఒకేరకం టిఫిను డబ్బాలు. అన్నీ అంగట్లో కొన్నవే, వాటికి రంగుకాగితం కూడా చుట్టి ఉండేది. మాకు దిగులేసేది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఏడేళ్ళలో ఆమె మా ఇంట్లో మజ్జిగ అడగలేదు. ఏమిస్తే అది తాగేది. పాపం వయసు పైబడింది, బుద్ధి కుదిరింది అని అమ్మ అనుకుంది.

నేనూ హారికా ఒకే కాలేజీ కాబట్టి మాకు గోడ అడ్డం రాలేదు. ఇంట్లో మాత్రం మాట్లాడుకోనట్టు నటించేవాళ్ళం. అందులో హారిక నాకంటే ఘనురాలు. నన్ను చూసి మొహం తిప్పుకోవడం ఎంత బాగా చేసేదంటే ఒక్కోసారి నాకు నిజంగానే కోపం వచ్చేది.

నా ఇరవై ఒకటో పుట్టినరోజు డిసెంబరులో ఆదివారం వచ్చింది. వారం ముందు అత్త నాన్నకు ఫోను చేసింది. మహానందిలో తనకొక మొక్కు ఉందని, తోడబుట్టినవాడు కోనేట్లో మునిగితే కానీ తీరదని, పిల్లను తీసుకుని రమ్మని, మార్చుకోవడానికి బట్టలు మరిచిపోవద్దని చెప్పింది. తమ్ముడిని పిలిచావా అని నాన్న అడిగాడు. వాడెందుకులే అంది. పది నిమిషాల తర్వాత గోడ అవతల చిన్నాన్న ఫోను మోగింది. ఆయనకూ అదే మొక్కు, అదే జవాబు. కనుబొమ ఫోనులో కనబడదు కదా. అంగడి చూసుకోవాలని అమ్మ ఆగిపోయింది. చిన్నమ్మ ఆదోనిలో పుట్టింట్లో ఉంది.

పొద్దున ఆరింటికి మేము నంద్యాల బస్సెక్కాం. నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సు కదలబోతుండగా చిన్నాన్న, హారిక ఎక్కారు. నాన్న తల కిటికీ వైపు తిరిగింది. చిన్నాన్న వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి చివరి సీట్లో కూర్చున్నాడు. సామాన్లు కొనడానికి నంద్యాలకు పోతాండాడేమో అని నాన్న తనలో తను అనుకున్నట్టు పైకే అన్నాడు. నంద్యాలలో మహానంది బస్సు కూడా అందరం ఎక్కాం. ఈసారి నాన్న వెనకకు పోయాడు, చిన్నాన్న ముందు కూర్చున్నాడు. వీడికి కూడా ఈరోజే మొక్కుండాదా అని నాన్న అడిగితే, నేను నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాల్సి వచ్చింది. హారిక ముందు నుంచి వెనక్కి తిరిగి, నన్ను ఎగాదిగా చూసి, మొహం తిప్పుకుంది.

మహానందిలో దిగేసరికి అత్త గుడి ముందు నిలబడి ఉంది. ఇద్దరు అన్నదమ్ములు ఒకే బస్సు రెండు తలుపుల నుంచి దిగడం చూసి కూడా మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. ఏందిది అని నాన్న మొదలుపెట్టబోయాడు. ముందు స్నానం, తర్వాత దర్శనం, ఆ తర్వాతే మాటలు అంది. మొక్కు అన్నాక ఎవరూ ఎదురుచెప్పలేరు. ఇద్దరూ తువ్వాళ్ళు చుట్టుకుని, విడిచిన బట్టలు, ఫోన్లు, కళ్ళద్దాలు అన్నీ సంచుల్లో పెట్టి మా చేతికి ఇచ్చి, కోనేటికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు దిగారు.

అక్కడి నీళ్ళు ఊటనీళ్ళు. అడుగున పడిన రూపాయి బిళ్ళ బొమ్మో బొరుసో పైనుంచే చెప్పొచ్చు. చలికాలంలో గోరువెచ్చగా ఉంటాయి. లోపల ఉన్నంతసేపూ హాయి, బయటికి వస్తే గాలికి పళ్ళు కొట్టుకుంటాయి. అత్త ఇదంతా ఆలోచించే డిసెంబరు దాకా ఆగిందని నాకు తర్వాత తెలిసింది.

మా ఇద్దరి దగ్గరా సంచులు తీసుకుని ఆమె కోనేటి మధ్యభాగంలో మెట్టు మీద కూర్చుంది. రెంటినీ ఒళ్ళో పెట్టుకుని చేతులు చుట్టేసింది. మూడు మునకలు అయ్యాక ఇంగ గుడ్డలియ్యి అని నాన్న అడిగాడు. ఇస్తా, పాపకు పుట్టినరోజు కానుకిచ్చి ఇస్తా అంది. వైరుబుట్టలోంచి రెండు చిన్న పొట్లాలు తీసింది. తెల్లగుడ్డలో పెట్టి చుట్టూ కుట్టి, కుట్టు మీద ఎర్ర లక్క ముద్ర వేసినవి. ఒకటి నాకు, ఒకటి హారికకు ఇచ్చింది. నా పొట్లం మీద సిరా వెలిసిపోయిన అక్షరాల్లో నా పేరు, పేరు కింద 'తొమ్మిదో తరగతి' అని ఉంది. అప్పటికి నేను ఎమ్మెస్సీలో చేరి ఆరు నెలలు.

విప్పితే ఒక కమ్మ. ఎర్రరాళ్ళది. ఒక్కటే. హారిక చేతిలో రెండోది.

అత్త నీళ్ళలో ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. ఆమె కనుబొమ గోక్కోలేదు. రెండు చేతులూ సంచుల మీదే ఉన్నాయి.

"అమ్మ పోయిన మర్నాడు పొద్దున నేనే తీసినా," అంది. "మీరిద్దరూ వాటిని కరిగించి చెరొక ఉంగరం చేయించుకుందామని రాత్రి అనుకుంటాంటే ఇన్నా. పిల్లలకు చేరల్ల కదా అని తీసినా. పాప పుట్టినరోజు దినం చెప్దామనుకుంటి. మొదటి దినం మీరు ఎతుకుతాంటే నాకు నవ్వొచ్చె. రెండో దినం ఒకరి పెండ్లాన్ని ఒకరు అంటాంటే కోపమొచ్చె. మూడో దినం చెప్దామని నోరు తెరిస్తి. అప్పటికే గోడకు ఇటుకలు యాడ తేవల్లనో మాట్లాడుకుంటాండారు. బయమైపాయె. ఆ బయం పోలేదప్పా, ఏడేండ్లు."

పక్కన మునకలు వేస్తున్న ఒకాయన కూడా ఆగి వింటున్నాడు. నాన్న మెడ దాకా నీళ్ళలో ఉన్నాడు. కళ్ళద్దాలు లేకపోవడంతో తమ్ముడు ఎక్కడున్నాడో సరిగా కనబడక అటూ ఇటూ చూశాడు. చిన్నాన్న ఆ చివర నుంచి నీళ్ళు తోసుకుంటూ నడిచి వచ్చి, నాన్నకు రెండు మూరల దూరంలో ఆగాడు.

"ఇన్నావా అన్నా," అన్నాడు.

"ఇన్నా."

"నేను వదినను అంటిని."

"నేనూ నీ పెండ్లాన్ని అంటి కదరా."

హారిక నా చేయి పట్టుకుంది, అందరి ఎదుటా. తర్వాత అన్నదమ్ములు ఇద్దరూ ఒకేసారి తల తిప్పి అత్తను చూశారు. వాళ్ళ మొహాల్లో ఒకటే పోలిక. అచ్చం అవ్వ కోపం.

"ఈమెతో మాట్లాడొద్దు అన్నా," అన్నాడు చిన్నాన్న.

"మాట్లాడను," అన్నాడు నాన్న.

మెట్లెక్కి వచ్చి, గజగజ వణుకుతూ, అత్త ఒళ్ళోంచి సంచులు లాక్కున్నారు. తొందరలో సంచులు మారాయి. నాన్న చిన్నాన్న ప్యాంటు వేసుకుని, అది పొట్ట దగ్గర పట్టకపోయినా విప్పకుండా, తువ్వాలు పైన చుట్టుకుని దర్శనానికి పోయాడు. తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. మహానంది నుంచి కర్నూలు దాకా ఊపిరి తీసుకోకుండా ఆమెను తిట్టారు. ఒకరు మరిచిపోయిన నేరాన్ని ఇంకొకరు గుర్తుచేశారు. మేము వెనక సీట్లో కూర్చుని చెవికి చెరొక కమ్మ పట్టుకుని ఫోనులో చూసుకుంటున్నాం.

బస్సెక్కేముందు నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె అంగళ్ళ దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. చేతిలో మాకోసం కొన్న అరటిపండ్ల అత్తం. చేయి ఊపలేదు. నేనూ ఊపలేదు. ఆ తప్పు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంటుంది.

సంగతి తెలిశాక చిన్నమ్మ ఆదోని నుంచి వచ్చి అమ్మ చేయి పట్టుకుని కూర్చుంది. చిన్నాన్న గోడలో ఒక మనిషి పట్టేంత దారి కొట్టించాడు. అంతా బాగైపోయింది, అత్త విషయం తప్ప. అందరికంటే అమ్మ కోపమే పెద్దది. ఏడేళ్ళు తనను దొంగంటుంటే అత్త నోరు మూసుకుని తన చేతి అన్నమే తిన్నదని, అది నవ్వులాట కాదని అంది.

నేను దొంగచాటుగా ఫోను చేసేదాన్ని. తన ఆరోగ్యం గురించి అడిగితే చెప్పేది కాదు.

"మాట్లాడుకుంటాండారా?" అని అడిగేది.

నిన్ను తిట్టుకోవడానికే మాట్లాడుకుంటున్నారని చెప్పాను.

"కలిసి తిడతాండారా, ఎవరింట్లో వాళ్ళా?"

కలిసే అన్నాను.

"ఐతే సరే," అంది. మీ అమ్మ కూడానా అని అడిగింది. అవునన్నాను. ఆమెకు ఆ హక్కుండాది అని ఫోను పెట్టేసింది.

దాదాపు ఏడాది ఆమె కర్నూలు రాలేదు. హారిక పుట్టినరోజు ఆమె లేకుండానే జరిగింది. కేకు కోశారు. సినిమాకు పోయాం. ఎవరింట్లోనూ ఏ వస్తువూ కనబడకుండా పోలేదు. ఇంట్లో తోచేది కాదు. చివరికి మళ్ళీ నా పుట్టినరోజు వారం ఉందనగా, అమ్మే ఒకనాడు చారు వడ్డిస్తూ, ఇంగ చాలు పోయి మాట్లాడి రాండి అంది. ఎవరితో అని నాన్న అడగలేదు. చెయ్యి కడుక్కుని గోడ దారిలోంచి తల పెట్టి, రేయ్ కడపకు పోదాం అన్నాడు.

నా పుట్టినరోజు నాడు నలుగురం వెళ్ళాం. కడప బస్టాండు నుంచి ఆటోలో ఆమె ఇంటి ముందు దిగాం. తలుపు తట్టాం. తీసింది. మమ్మల్ని నలుగురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసి, తలుపు మూసేసింది. లోపల పంపు తిప్పిన శబ్దం, మొహం మీద నీళ్ళు కొట్టుకుంటున్న శబ్దం. చిన్నాన్న నేలచూపులు చూశాడు. నాన్న గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ తలుపు తెరుచుకుంది.

"ఎవురు కావల్ల?" అంది. మొహం తడిగా ఉంది, తుడుచుకోలేదు.

"మా యక్క ఈడ ఉండాదంట," అన్నాడు చిన్నాన్న.

"శానా దినాలాయె ఆమె ఎవురికీ కనపడక," అంది కానీ, పక్కకు జరిగి దారి ఇచ్చింది.

నాన్న లోపలికి వచ్చి ఫ్యాను కింద నిలబడి, గోడతో చెబుతున్నట్టు, ఈరోజు పాప పుట్టినరోజు, యాడికి తీస్కపోతావో తీస్కపో, మేమీడ ఉంటాం అన్నాడు. అంతే. క్షమించానని ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు.

మమ్మల్నిద్దరినీ కారం దోసె తినిపించడానికి తీసుకుపోయింది. ఎప్పుడూ తానే ఎక్కువ తినే మనిషి, ఆరోజు దోసె తుంచి తుంచి పెట్టుకుంటూ, మా ఇంట్లో సంగతులన్నీ అడిగింది. గోడలో దారి ఎంత వెడల్పుందో హారిక చేతులు చాపి చూపించాల్సి వచ్చింది. ప్లేట్లు తీసేశాక వైరుబుట్టలో చేయి పెట్టి, ఊరికే తీసేసింది.

"ఈసారి నీకు ఏమీ తేలేదు మే," అంది నాతో. సిగ్గుపడుతున్నట్టు నేను ఆమెను చూసింది అదొక్కసారే. "ఎవురూ ఇండ్లకు రానీలేదు కదా. యాడ తీసుకోవల్ల?"

నాకు, హారికకు నవ్వు ఆగలేదు. ఆమెకూ ఆగలేదు. హోటల్లో అందరూ చూస్తుండగా ముగ్గురం కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చాం.

ఇంటికి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. అన్నదమ్ములిద్దరూ ఒకే చాప మీద, ఒకే దిండుకు చెరోవైపు తలలు పెట్టి నిద్రపోతున్నారు. చిన్నాన్న కాలు నాన్న కాలి మీద ఉంది. అత్త గడప అవతలే ఆగిపోయింది. మమ్మల్ని లోపలికి పోనివ్వలేదు. అట్లా ఎంతసేపు చూసిందో, ఆ పెద్ద వాచీ ఉన్న చేతిని తలుపుకు ఆనించి.

తర్వాత వంగింది. గడప దగ్గర విడిచిన రెండు జతల చెప్పులూ చప్పుడు కాకుండా ఏరుకుని ఎదురింటికి పోయింది. ఒట్టి చేతులతో తిరిగి వచ్చింది. ఏంటత్తా అని నేను నోరు తెరవబోతే పెదాల మీద వేలు పెట్టుకుంది.

"సాయంత్రం బస్సుకే పోతాం అంటారు," అని గుసగుసగా చెప్పింది. "పోనీలే, చూద్దాం ఎట్ల పోతారో."

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యేదాకా ఆ చెప్పులు దొరకలేదు. నాన్న, చిన్నాన్న కలిసి ఇల్లంతా వెతికారు. మంచాల కింద వంగి ఒకరినొకరు తగులుకుంటూ, నవ్వుకుంటూ వెతుకుతుంటే, అత్త మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని, అక్కడ చూడండి, ఇక్కడ చూడండి అని వాళ్ళకు దారి చూపిస్తూ ఉంది.